కోపం ముందు దవడకి తెలుస్తుంది

(విశాఖపట్నంలో హైస్కూలు, జూనియర్ కాలేజీ ఉపాధ్యాయులు, తల్లిదండ్రుల ముందు చేసిన ప్రసంగ పాఠం)

అందరికీ నమస్కారం.

2025 జూన్ 21న మన ఆర్కే బీచ్ నుంచి భోగాపురం దాకా లక్షల మంది ఒకేసారి ఆసనాలు వేశారు. ఈ ఊరి పిల్లలకి యోగా అంటే ఏమిటో కొత్తగా చెప్పక్కర్లేదు, ఆసనాల పేర్లు నోటికి వచ్చు. పదమూడు నుంచి పద్దెనిమిదేళ్ళ వాళ్ళకి ఇంకా అందనిది ఒకటుంది. ఆసనంలో ఉన్నప్పుడు లోపల ఏం జరుగుతోందో గమనించుకోవడం. ఈరోజు దాని గురించే మాట్లాడతాను.

"మావాడికి కోపం ఎక్కువండి, యోగాలో వేస్తే తగ్గుతుందా?" అని తల్లిదండ్రులు అడుగుతుంటారు. కోపం తగ్గడం తర్వాతి సంగతి. కోపం వస్తోందని వాడికి అరవకముందే తెలియాలి. దవడ బిగుసుకుంటుంది, చెవులు వేడెక్కుతాయి, ఊపిరి ఛాతీ పైభాగంలోనే ఆడుతుంది. పతంజలి యోగసూత్రాల మొదటి పాదంలో 31వ సూత్రం ఇదే చెబుతుంది: మనసు చెదిరితే దుఃఖం, దిగులు, ఒంట్లో వణుకు, ఊపిరి గతి తప్పడం వెంటే వస్తాయి. ఒంటి గుర్తులు పట్టుకోవడం యోగాకి మనం తగిలించిన కొత్త విషయం కాదు. పైగా ఉద్వేగాన్ని అదుపు చేసే మెదడు ముందుభాగం పూర్తిగా ఎదగడానికి ఇంచుమించు ఇరవై అయిదేళ్ళ వయసు రావాలి. అందుకే ఉడికిపోతున్న పిల్లవాడికి "శాంతంగా ఉండరా" అంటే ఫలితం ఉండదు. ఆ సమయంలో యోగా కూడా పనిచేయదు. సాధన అంతా మామూలు రోజుల్లోనే జరగాలి.

క్లాసు అరగంట చాలు. మొదటి రెండు నిమిషాలు కదలిక వద్దు. దవడ, ఛాతీ, పొట్ట, ఈ మూడు చోట్లా ఎలా ఉందో చూసుకోమనండి. తర్వాత నోట్‌బుక్‌లో తమకి ఎలా ఉందో చెప్పే ఒక మాట, అది ఎంత ఎక్కువగా ఉందో చెప్పే ఒక అంకె, సున్నా నుంచి పది దాకా, రాయాలి. మొదట్లో అందరూ "టెన్షన్", "మూడాఫ్" అనే రాస్తారు. బోర్డు మీద కొన్ని మాటలు పెట్టండి: చిరాకు, ఉక్రోషం, బెంగ, గుబులు, సిగ్గు, అవమానం, అసూయ, విసుగు, హుషారు, నెమ్మది. టెన్షన్ అని ఊరుకునే అమ్మాయి "రేపటి ఫిజిక్స్ టెస్టు గుబులు, 7" అని రాసిందంటే, ఏం చేయాలో తనకే తోస్తుంది. ఆ పుస్తకం టీచరు చూడకూడదు, అమ్మానాన్నలూ చూడకూడదు. చూస్తారని తెలిసిందా, మర్నాటి నుంచి "హ్యాపీ, 10" అని రాసి మూసేస్తారు. క్లాసు చివర మళ్ళీ మాట, అంకె. అంకె పెరిగినా తప్పు లేదు, అంతకుముందు తెలియనిది ఇప్పుడు తెలిసి ఉండవచ్చు.

మొదటి మాట, అంకె రాశాక పన్నెండు నిమిషాలు ఆసనాలు. సూర్యనమస్కారాలు నాలుగు, ఒక్కోదానికి నిమిషానికి తగ్గకుండా. వేగం పెరిగితే గమనించే వ్యవధి ఉండదు. ఆపైన ఒంటికాలి మీద నిలబడే వృక్షాసనం. దీని మీద కాస్త ఎక్కువసేపు ఉంటాను, ఎందుకంటే ఈ వయసు పిల్లలకి ఇంతకంటే ఉపయోగపడే ఆసనం లేదు.

పాదాన్ని రెండో కాలి పిక్కకి గాని, తొడ లోపలి వైపు గాని ఆనించాలి. మోకాలి కీలు మీద పెట్టకూడదు, కీలు మీద పక్కనుంచి ఒత్తిడి పడుతుంది. చూపు అయిదారడుగుల దూరంలో నేల మీద ఒకచోట. అయిదు శ్వాసలు. పిల్లవాడు తూలి కాలు దించిన క్షణం గమనించండి. ముందు కళ్ళు పక్కవాళ్ళ మీదికి పోతాయి, ఎవరైనా చూశారా అని. ఓ నవ్వు నవ్వుతాడు, చొక్కా సర్దుకుంటాడు, "ఇక్కడ నేల బాలేదు సార్" అంటాడు. సరిచేయకండి. "ఇప్పుడు ఒంట్లో ఎక్కడ తెలిసింది?" అని అడగండి. మొహం వేడెక్కిందనో, కడుపులో తిప్పినట్టైందనో చెబుతాడు. సిగ్గు రావడం, కాసేపటికి దానంతటదే దిగిపోవడం ఇక్కడ కళ్ళారా చూసుకుంటాడు. నిలబడ్డవాడికంటే తూలినవాడికే లాభం. ఎవరు ఎక్కువసేపు నిలబడతారో పోటీ పెడితే ఇదంతా పోతుంది. బీచ్‌లో చేయిస్తే గట్టి తడి ఇసుక మీద, వాలు లేనిచోట చేయించండి. పొడి ఇసుకలో మడమ కూరుకుపోయి చీలమండ బెణుకుతుంది.

శ్వాసకి అయిదు నిమిషాలు. నాలుగు అంకెలు పీల్చి, ఆరు అంకెలు వదలాలి. అంకెకి సెకను చొప్పున నిమిషానికి ఆరు శ్వాసలు. ఊపిరి వదిలేటప్పుడు గుండె వేగం కొంచెం తగ్గుతుంది కాబట్టి వదలడం పొడుగ్గా ఉండాలి. కొత్తవాళ్ళు మూడు అంకెలు పీల్చి, నాలుగు వదిలితే చాలు. కుంభకం, అంటే ఊపిరి బిగబట్టడం, వద్దు. తల తిరిగినా, వేళ్ళు తిమ్మిరెక్కినా బలంగా లాగుతున్నారని అర్థం. రక్తంలో కార్బన్ డయాక్సైడ్ తగ్గి అలా అవుతుంది, మామూలు శ్వాసకి రమ్మనండి. ఇందుకే కంగారు స్వభావం ఉన్న పిల్లలకి భస్త్రిక, కపాలభాతి లాంటి వేగంగా, బలంగా ఊపిరి ఆడించే సాధనలు ఇవ్వకూడదు. వాటితో వచ్చే గుండెదడ వాళ్ళకి అచ్చం భయంలాగే ఉంటుంది. మూర్ఛ, బీపీ ఉన్నవాళ్ళకీ వద్దు.

చివర్లో వెల్లకిలా పడుకునే శవాసనంలో కొందరు కళ్ళు మూసుకోలేరు. బలవంతం చేయకండి. గోడకి ఆనుకుని కళ్ళు తెరిచి కూర్చున్నా సరే. అడగకుండా ఎవరినీ ముట్టుకోవద్దు, తల దగ్గర నిలబడవద్దు. ఇంట్లో దెబ్బలు తిన్న పిల్లలు క్లాసులో ఉండవచ్చు.

అల్లరికి శిక్షగా సూర్యనమస్కారాలు వేయించడం దయచేసి మానండి. రాత్రి పదింటిదాకా స్టడీ అవర్ పెట్టి, తెల్లవారి నాలుగున్నరకి యోగాకి లేపడం అంతకంటే చెడ్డది. ఈ వయసుకి ఎనిమిది నుంచి పది గంటల నిద్ర కావాలి. నిద్ర చాలని పిల్ల చిరాకుకి ఏ ఆసనమూ మందు కాదు.

బ్రిటన్‌లో 85 బడుల్లో, 8 వేలకు పైగా పిల్లలతో మైండ్‌ఫుల్‌నెస్ (లోపల ఏం జరుగుతోందో గమనించుకోవడం) పాఠాల మీద చేసిన మిరియడ్ అధ్యయనం ఫలితాలు 2022లో వచ్చాయి. మామూలుగా బడిలో చెప్పేదానికంటే మేలు కనిపించలేదు. ఇంట్లో సాధన చేసినవాళ్ళు తక్కువే. క్లాసు పెట్టినంత మాత్రాన పని అయిపోదన్నమాట. అందుకే ఇంట్లో కూడా, రాత్రి పుస్తకాలు మూయగానే అయిదు నిమిషాలు శ్వాస, ఒక మాట, ఒక అంకె. ఇష్టమైతేనే.

రెండు వారాలకి మించి దిగులు వదలకపోతే, తిండి, నిద్ర, స్నేహాలు తప్పిపోతుంటే అది యోగా టీచరు పని కాదు, డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళాలి. ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీమానస్ నంబరు 14416, రోజంతా పనిచేస్తుంది, తెలుగులో మాట్లాడవచ్చు. చచ్చిపోవాలనుందన్న మాట వస్తే రెండు వారాలు కాదు, ఆ పూటే. నోట్‌బుక్ ఎవరూ చూడరన్నాను కదా, ప్రాణం మీదికొచ్చే విషయమైతే మాత్రం పెద్దవాళ్ళకి చెప్పి తీరతామని మొదటి రోజే పిల్లలకి చెప్పి ఉంచండి.