ఎండకు నల్లబడిన చేతులేనా? ఓపీలో ఒకసారి పరీక్షగా చూద్దాం

నమస్తే. ఈ వీడియో కొత్తగా ఓపీలో కూర్చుంటున్న హౌస్ సర్జన్ల కోసం. మిగతావాళ్లూ చూడొచ్చు, కానీ అద్దం ముందు నిలబడి మీకు మీరే జబ్బు అంటగట్టుకోకండి.

కూకట్‌పల్లి నుంచి ఒక కుర్రాడు వచ్చాడనుకుందాం. ఫుడ్ డెలివరీ పని. నీరసం, అరికాళ్లలో తిమ్మిర్లు, చేతులు నల్లబడ్డాయి. "రోజంతా బైక్ మీద ఎండలోనే కదా సార్" అంటాడు. హైదరాబాద్‌లో మే నెల గడిపినవాళ్లెవరైనా నమ్మే మాటే. మీరు మాత్రం వెంటనే నమ్మకండి.

ముందు కిటికీ దగ్గరికి తీసుకెళ్లండి, ట్యూబ్‌లైట్ కింద రంగు సరిగా తెలియదు. వాచీ తీయించండి. దాని కింద లేతగా, చుట్టూ ముదురుగా ఉంటే ఆ మేరకు ఎండ పనే. ఇప్పుడు పిడికిలి బిగించమనండి. వేళ్ల కణుపులు మిగతా చేతికంటే నల్లగా ఉన్నాయా? అరచెయ్యి తిప్పండి. గీతల్లో నలుపుందా? హ్యాండిల్ పట్టుకున్న అరచేతికి ఎండెలా తగులుతుంది చెప్పండి!

ఇక్కడో జాగ్రత్త. మనలో చాలామందికి అరచేతి గీతలు, చిగుళ్లు మొదటి నుంచీ కాస్త నల్లగానే ఉంటాయి. అందుకే "ఎప్పటి నుంచి?" అని అడగాలి. తోడుగా వాళ్లమ్మ వస్తే ఆవిడనే అడగండి.

కొత్తగా వచ్చిన నలుపైతే నాలుక చూడండి. నున్నగా, ఎర్రగా ఉంటే బీ12 లోపాన్ని అనుమానించాలి. కాలి బొటనవేలి మీద 128 హెర్ట్జ్ ట్యూనింగ్ ఫోర్క్‌ను (కొడితే కంపించే లోహపు కవ్వ) కొట్టి పెట్టండి. ఆ కంపనం తెలియడం లేదంటే అనుమానం ఇంకా బలపడుతుంది. శాకాహారమా, షుగర్ మాత్ర మెట్‌ఫార్మిన్ ఏమైనా వాడుతున్నాడా కనుక్కోండి. ఎంసీవీ (ఎర్ర రక్తకణాల సగటు సైజు) నార్మల్‌గా ఉందని వదిలేయొద్దు, ఐరన్ కూడా తక్కువైతే అది నార్మల్‌గానే కనిపించొచ్చు. ఫోలిక్ యాసిడ్ ఒక్కటే రాసి పంపితే రక్తం పెరుగుతుంది, నరాలు మాత్రం దెబ్బతింటూనే ఉంటాయి.

మెడ వెనక మఖమల్‌లా మందంగా నల్లబడితే షుగర్ చూడండి. దాని గురించి వేరే వీడియో చేస్తాను.

అదే మనిషి బరువు తగ్గి, లేచి నిలబడితే కళ్లు తిరిగి, ఉప్పు మీదికి మనసు పోతోందంటే దారి మారింది. ఇది 1855లో థామస్ అడిసన్ వర్ణించిన జబ్బు కావచ్చు. ఇందులో కిడ్నీల పైన ఉండే ఎడ్రినల్ గ్రంథులు దెబ్బతింటాయి. మన దేశంలో టీబీ దానికి ఒక ముఖ్య కారణం. పడుకోబెట్టి ఒకసారి, నిలబెట్టి ఒకసారి బీపీ చూడండి. ఉదయం 8 గంటలకు కార్టిసాల్ (ఆ గ్రంథుల హార్మోన్) పరీక్షకు రక్తం పంపండి. బీపీ బాగా పడిపోయి వాంతులతో వస్తే మాత్రం రిపోర్టు కోసం ఆగొద్దు. శాంపిల్ తీసి, వెంటనే సెలైన్, హైడ్రోకార్టిసోన్ అనే స్టిరాయిడ్ మొదలుపెట్టి సీనియర్‌ను పిలవండి.