నాటుకోళ్ళ షెడ్డులో ఎలుకల పని పట్టడం: పైపు పెట్టాక మూడు రోజులు ముట్టుకోకండి

నమస్కారం అండి. వెనకాల గిన్నీకోళ్ళు అరుస్తున్నాయి, పట్టించుకోకండి, కొత్త మనిషి కనబడితే వాటికి అదే పని.

ముందు ఈ బస్తా చూడండి. ఇదిగో, ఈ మూల. కొరికింది చూశారా? నిన్న సాయంత్రం ఇది లేదు. ఒక ఎలుక రోజుకి ఇరవై, పాతిక గ్రాములు తింటుందనుకోండి. నలభై ఎలుకలుంటే రోజుకి కేజీ, నెలకి ముప్ఫై కేజీల దాణా. అది తిన్నది మాత్రమే. పారబోసింది, ఉచ్చ పోసి పాడుచేసింది వేరే లెక్క. గుడ్లు పోతాయి, రాత్రిపూట కోడిపిల్లల కాళ్ళు కొరికేస్తాయి. ఎలుకలున్నచోటికి పాము ఎలాగూ వస్తుంది, అది మీకు చెప్పక్కర్లేదు.

సరే, మొదలుపెడదాం. దాణా డ్రమ్ములో పోసి మూత బిగించండి. ఇనప డ్రమ్మైతే మంచిది, ప్లాస్టిక్‌ని అంచు దొరికితే కొరికేస్తాయి. సాయంత్రం తొట్లలో మిగిలింది ఎత్తేయండి. షెడ్డు చుట్టూ గడ్డి, పాత రేకులు, కర్రల కుప్పలు తీసేయండి. ఇవి మీకు తెలిసినవే, ముందుకి వెళ్దాం.

మెష్. ఇది కోడి వల, ఇంచి కన్నం. దీన్ని నమ్ముకోకండి. కోళ్ళు బయటికి పోకుండా ఆపుతుందంతే, పిల్ల ఎలుక ఇందులోంచి ఆగకుండా వెళ్ళిపోతుంది. ఇదిగో, ఇది అర ఇంచి వెల్డెడ్ మెష్. చిట్టెలుకలు కూడా ఉంటే పావు ఇంచిది కావాలి. కిందకి అడుగున్నర తవ్వి పాతండి, అడుగున బయటవైపుకి ఇలా వంచండి. పందికొక్కు గోడవారగా తవ్వుకుంటూ వస్తుంది కదా, ఈ వంపు తగిలి ఆగిపోతుంది. ఇది కట్ చేయడానికి కటింగ్ ప్లయర్ పట్టుకుని కూర్చోకండి, చేతులు బొబ్బలెక్కుతాయి. రేకులు కోసే కత్తెర అడగండి హార్డ్‌వేర్ షాపులో. నేను ఒక గోడంతా ప్లయర్‌తోనే చేశాను, అందుకే చెప్తున్నాను.

ఇప్పుడు ఎలుక ఎక్కడ తిరుగుతోందో తెలియాలి. దానికి కెమెరాలేమీ అక్కర్లేదండి. ముగ్గుపిండి. గోడవారగా, ఇదిగో ఇలా, బెత్తెడు వెడల్పున పల్చగా చల్లండి. సాయంత్రం చల్లితే పొద్దున్నకి అడుగులు పడి ఉంటాయి. ఇక్కడ చూడండి, దగ్గరగా చూపిస్తాను. చిన్న చిన్న వేళ్ళు, మధ్యలో సన్నగా గీత. ఆ గీత తోక ఈడ్చుకెళ్ళింది. గోడ మీద ఈ నల్లటి జిడ్డు చూశారా? రోజూ ఒకే దారిన ఒళ్ళు రాసుకుంటూ పోతే పడిన మరక. ఎలుక గోడని వదలదు. మందైనా, బోనైనా గోడవారనే పెట్టాలి. మధ్యలో పెడితే దండగ.

బొరియలుంటే సాయంత్రం అన్నీ మట్టితో మూసేయండి. పొద్దున్న ఏవి తెరిచుంటే వాటిలోనే ఎలుక ఉన్నట్టు. ఈ పదకొండులో నాలుగే తెరుచుకున్నాయి. మిగతా ఏడింటి జోలికి పోనక్కర్లేదు. వరిచేలో ఐతే మా వైపు ఎలుకలు పట్టే యానాదుల్ని పిలుస్తాం, బుట్టలు పెడతారు, కుండతో పొగ పెడతారు. వాళ్ళు బొరియ ముందు మట్టి చూసే చెప్పేస్తారు లోపల ఉందో లేదో. షెడ్డు దగ్గర మాత్రం పొగ పెట్టకండి, పక్కనే వరిపొట్టు ఉంటుంది.

ఇక అసలు పని. ఇక్కడ కొంచెం నిదానంగా చెప్తాను, నేను దెబ్బతిన్నది ఇక్కడే.

ఇది పీవీసీ పైపు. నాలుగించిలది, రెండడుగుల ముక్క. బోరు వేసినప్పుడు మిగిలింది. దీన్ని గోడకి ఆనించి పెట్టి, లోపల మందు పెడతాం. మొదటిసారి నేనేం చేశానంటే, పైపు పెట్టిన రోజే మందు పెట్టేశాను. పొద్దున్న చూస్తే ముట్టుకోలేదు. రెండో రోజూ ముట్టుకోలేదు. చోటు బాగోలేదేమో అనుకుని పైపు అవతల గోడకి మార్చాను. అక్కడా రెండు రోజులు చూశాను, లాభం లేదు, మళ్ళీ మార్చాను. ఇలా నెల గడిచిపోయింది. మందు మంచిది కాదని కంపెనీని కూడా తిట్టుకున్నాను.

తప్పు మందుది కాదు, నాది. ఎలుకకి కొత్త వస్తువంటే అనుమానం. నిన్న లేనిది ఇవాళ దారిలో కనబడితే పక్కనుంచి పోతుంది, వాసన చూస్తుంది, లోపలికి రాదు. నేనేమో దానికి అలవాటయ్యేలోపే తీసి ఇంకోచోట పెడుతున్నా. అంటే దానికి రోజూ కొత్త వస్తువే!

కాబట్టి పైపు పెట్టండి. లోపల ఉత్త నూకలు పెట్టండి, వందకి రెండు పాళ్ళు నూనె కలిపి. మందు లేదు. మళ్ళీ చెప్తున్నా, మందు లేదు. పైపుని కదపకండి. మూడు రోజులు. నూకలు ఐపోతే మళ్ళీ పోయండి, అంతే. మొదటి రోజు ఏమీ తినకపోవచ్చు, కంగారు పడకండి. మూడో రోజుకి, ఇదిగో ఈ పైపులాగా ఖాళీ ఐపోతుంది. అప్పుడు మందు.

బోనుకి కూడా ఇదే లెక్కండి. బోను తలుపు మూసుకుపోకుండా తెరిచే కట్టేసి, మూడు రోజులు ఊరికే గారె ముక్కో, కాల్చిన ఎండు కొబ్బరో పెట్టండి. వస్తాయి, తింటాయి, పోతాయి. నాలుగో రోజు తలుపు ఎక్కుపెట్టండి. నన్నడిగితే ఎండు రొయ్య ఇంకా బాగా పనిచేస్తుంది, కానీ పిల్లి కూడా వస్తుంది దానికి.

మందు సంగతి. నేను వాడేది బ్రోమాడయోలోన్ కేకులు, 0.005 శాతం. తిన్న వెంటనే చావదు, నాలుగు నుంచి ఏడు రోజులు పడుతుంది. అందుకే మిగతావాటికి అనుమానం రాదు. జింక్ ఫాస్ఫైడ్ చవకే, కానీ చాలినంత తినని ఎలుక కడుపునొప్పితో బతికిపోతే మళ్ళీ దాని జోలికి రాదు. పైగా కోళ్ళున్నచోట నాకు భయం. పసుపు భాస్వరం పేస్టు ఇంట్లోకే తేకండి, దానికి విరుగుడు లేదు. బ్రోమాడయోలోన్‌కి విరుగుడుగా విటమిన్ కే1 ఉంది, కుక్క పొరపాటున తింటే వెంటనే పశువుల డాక్టర్ దగ్గరికి పట్టుకెళ్ళండి, మందు ప్యాకెట్టు కూడా తీసుకెళ్ళండి.

గ్లవ్స్ వేసుకున్నాను చూడండి. కేకుకి బైండింగ్ వైరు గుచ్చి పైపు మధ్యలో ఇలా బిగించేయండి. బిగించకపోతే ఎత్తుకెళ్ళి ఎక్కడో దాచుకుంటుంది. నాకు ఒకసారి కోళ్ళు పడుకునే చోట దొరికింది ముక్క, గుండె ఆగినంత పనైంది. ఇంకోటి, కోడిపిల్ల ఈ పైపులోకి హాయిగా దూరిపోతుంది. అందుకని పైపులన్నీ మెష్‌కి బయట, దాణా గది వెనక, కోళ్ళు రానిచోటే.

రోజూ చూడండి, తిన్నంత మళ్ళీ పెట్టండి, తినడం ఆగేదాకా. చచ్చినవాటిని చేత్తో ముట్టుకోకండి, అడుగున్నర లోతున పాతేయండి. కాలవలో పారేస్తే కుక్కలు తిని అవీ పోతాయి. ఉచ్చ నుంచి ఎలుక జ్వరం వస్తుంది, లెప్టోస్పైరోసిస్ అంటారే, అది. బూట్లు లేకుండా షెడ్డు కడగకండి.

ముంగిస, అడవిపిల్లి సంగతి కూడా చెప్పమన్నాడు మా తమ్ముడు. వాటికి మందు పెట్టకూడదండి, 1972 వన్యప్రాణి చట్టం కిందకి వస్తాయి, కేసవుతుంది. వాటికి తలుపు, గొళ్ళెం, ఈ మెష్, ఇవే మందు. గుమ్మం కింద సందు రెండించులుంటే ముంగిస వచ్చేస్తుంది, అక్కడ రేకు ముక్క కొట్టండి. గద్దకైతే పైన నైలాన్ వల. జెర్రిపోతు కనబడితే కర్ర తీయకండి, అదీ ఎలుకల మీదే బతుకుతుంది. గుడ్లు మాత్రం పొద్దున్నే ఏరేసుకోండి.

ఇదిగో ఇది ఇవాళ పెడుతున్న పైపు. నూకలు పోశాను. మళ్ళీ గురువారం తెరుస్తాను, అప్పుడు ఇక్కడే కెమెరా పెట్టి చూపిస్తా. అప్పటిదాకా నేను కూడా ముట్టుకోను. ఒరే, ఆ పైపు కదపకురా!