జిప్సం వేశాక చౌడు నేలకు ఏం పెట్టాలి?

అందరికీ నమస్కారం.

ముందు ఈ రెండు గాజు గ్లాసులు చూడండి. రెండింట్లోనూ ఒకే మడి మట్టి, కారుచౌడు, అంటే సోడియం ఎక్కువైన చౌడు. పొద్దున వాననీళ్లలో కలిపి పెట్టాను. ఒకదాంట్లో చిటికెడు జిప్సం వేశాను. అందులో మట్టి అడుగుకు దిగి నీళ్లు తేటపడ్డాయి. రెండోది ఇంకా బురదబురదగానే ఉంది. సోడియం చేసే పని అదే. మట్టిని మెత్తగా విడగొట్టి, నేలలో సందులన్నీ పూడ్చేస్తుంది. అందుకే కారుచౌడులో నీళ్లు ఇంకవు. తడిస్తే జారుతుంది, ఎండితే గడ్డపార దిగదు.

జిప్సంలోని కాల్షియం ఆ సోడియాన్ని మట్టి నుంచి వదిలిస్తుంది. వదిలిన సోడియం నీళ్లతో బయటికి పోవాలి. మురుగు కాలువ లేకుండా జిప్సం వేస్తే డబ్బు దండగే. పాలచౌడు, అంటే మామూలు ఉప్పు పేరుకున్న చౌడు సంగతి వేరు, దానికి జిప్సం అక్కర్లేదు. మంచినీళ్లు కట్టి ఉప్పును కడిగేయాలి. ప్రకాశం వైపు ఉప్పుగుండూరులో నేల లోపల కన్నాల పైపులు పరిచి, ఉప్పునీళ్లు బయటికి తీసే పద్ధతిని బాపట్ల పరిశోధకులు చేసి చూపించారు.

నా బాధంతా ఆ తర్వాతి సంగతి గురించే. "చౌడు పోయిందండీ" అంటూ మనవాళ్లు నేరుగా యూరియా బస్తా మోసుకొస్తారు. ఏళ్ల తరబడి గడ్డి కూడా సరిగా మొలవని నేల అది. ఆకు రాలి కుళ్లింది లేదు, వేరు చివికింది లేదు. ముందు దాని ఆకలి తీర్చాలి కదా!

జీలుగ చల్లండి. చౌడుకీ, నిలవనీటికీ తట్టుకునే పచ్చిరొట్ట పైరు అది, నేలలోనే కలిపి కుళ్లబెట్టడానికి వేసేది. నెల దాటాక ఒక మొక్క పీకి చూడండి. వేళ్ల మీది బుడిపెను గోటితో చీలిస్తే లోపల గులాబీ రంగు కనపడాలి. అలా ఉంటే గాలిలోని నత్రజని నేలకు చేరుతున్నట్టే. 45–50 రోజులకు, పూత మొదలవగానే కలియదున్నేయండి. ఇంకాస్త ఎదగనిద్దామని ఆగితే కాండం పీచుబారి తొందరగా చివకదు.

తర్వాత వరే వేయండి. నాటిన రెండు మూడు వారాలకు ఆకుల మీద తుప్పు మచ్చలొస్తే తెగులని కంగారుపడి మందు కొట్టకండి. ఈ నేలల్లో అది ఎక్కువగా జింకు లోపమే. దమ్ములోనే ఎకరాకు 20 కిలోల జింకు సల్ఫేటు వేసుకోండి, భాస్వరం ఎరువుతో మాత్రం కలపొద్దు.

ఇంకొక్క మాట. బాగుపడిన మడిని ఏళ్లకేళ్లు బీడు పెట్టకండి. ఎండలకు అడుగునున్న ఉప్పు తడితోపాటే పైకి పాకుతుంది. ఈ వేసవిలో మీ మడి గట్టు పక్కన ఒకసారి వంగి చూడండి. తెల్లగా పొడి మెరుస్తుంటే మట్టి నమూనా తీసి పరీక్షకు పంపండి, తొలకరికి ముందే.