నెహ్రూ పక్కన ఉన్నది చేనా, క్యాస్ట్రోనా? పాత ఫోటోను చదవడం ఎలా

నమస్తే అండి. ఇవాళ వీడియో నా తప్పుతోనే మొదలుపెడుతున్నాను.

పోయిన నెల క్యూబా మీద చేసిన వీడియోలో నెహ్రూ ఫోటో ఒకటి చూపించాను. పక్కన గడ్డం మనిషి, మిలిటరీ డ్రెస్సు. "1959లో ఢిల్లీలో చే గువేరాతో నెహ్రూ" అని ఘనంగా చెప్పేశాను. రెండు గంటలు తిరక్కుండానే ఒక రిటైర్డ్ మాస్టారు ఒక్క లైను మెసేజ్ పెట్టారు. "బాబూ, ఆ పక్కనాయన ఎత్తు చూశావా?"

చూశాను. చూసి తల పట్టుకున్నాను. ఆ పక్కనాయన చే కాదు, ఆయన విప్లవ నాయకుడు, అప్పటి క్యూబా ప్రధాని ఫిడెల్ క్యాస్ట్రో. ఊరు కూడా ఢిల్లీ కాదు, న్యూయార్క్. 1960 సెప్టెంబరులో ఐక్యరాజ్యసమితి సమావేశాలకు వెళ్లినప్పుడు హార్లెంలోని హోటల్ తెరీసాకు నెహ్రూయే వెళ్లి క్యాస్ట్రోను కలిశారు. క్యాస్ట్రో బాగా పొడగరి. చే మధ్యస్థం. గడ్డం, మిలిటరీ డ్రెస్సు కనిపించగానే నా బుర్ర మిగతాది చూడటం మానేసింది.

అందుకని ఇవాళ చే ఢిల్లీ ఫోటోలనే దగ్గర పెట్టుకుని, పాత ఫోటోను ఎలా చూడాలో, ఎలా వెతకాలో, తేదీ ఎలా సరిచూసుకోవాలో చేసి చూపిస్తాను. మీ దగ్గర ఫోన్ ఉంటే చాలు. కంప్యూటర్ ఉంటే కొంచెం సుఖం.

(స్క్రీన్ మీద: నెహ్రూ, చే కరచాలనం ఫోటో. కింద కాప్షన్ మూసేసి ఉంది.)

మొదటి పని, కాప్షన్ మీద బొటనవేలు పెట్టేయండి. నిజంగానే. కాప్షన్ చదివాక మనం ఫోటో చూడం, కాప్షన్‌లో రాసినదే ఫోటోలో చూస్తాం. నాకు జరిగింది అదే.

ఇప్పుడు జూమ్ చేసి చొక్కా గుండీల దగ్గరికి రండి. మొహాల దగ్గరికి తర్వాత వెళ్దాం. మగవాళ్ల చొక్కాకి, షేర్వాణీకి మామూలుగా ఎడమ పక్క గుడ్డ పైకి వస్తుంది, దాని కింద కుడి పక్కది ఉంటుంది. మీరు ఇప్పుడు వేసుకున్న చొక్కానే చూసుకోండి. ఫోటోలో ఇది తారుమారుగా ఉంటే, ఎవరో ఫోటోను అద్దంలో బొమ్మలాగా తిప్పేసి ఉండొచ్చు. తిప్పితే వచ్చే నష్టం ఏంటంటారా? కుడి చెయ్యి ఎడమ చెయ్యి అయిపోతుంది, కుడి పక్క మనిషి ఎడమ పక్కకి పోతాడు, "ఎడమ నుంచి రెండో వ్యక్తి" అన్న పాత కాప్షన్ అంతా తలకిందులవుతుంది. వెనక బోర్డు ఏదైనా ఉంటే ఇంకా తేలిక, అక్షరాలే చెప్పేస్తాయి.

గుండీలు అయ్యాక రంగు. ఈ ఫోటోలు తీసింది బ్లాక్ అండ్ వైట్‌లో. మీకు వాట్సాప్‌లో వచ్చినదాంట్లో చే యూనిఫాం పచ్చగా, నెహ్రూ బుగ్గలు గులాబీ రంగులో ఉంటే అది ఈమధ్య ఏదో యాప్ వేసిన రంగు. యూనిఫాం సంగతి వరకూ ఆ యాప్ ఊహ తప్పేం కాదు. క్యూబా సైన్యం పత్రిక పేరే "వెర్దే ఒలివో", అంటే స్పానిష్‌లో ఆలివ్ పచ్చ. కానీ గోడ రంగు, కర్టెన్ రంగు, పక్కవాళ్ల బట్టల రంగు ఆ యాప్‌కి ఏం తెలుసు? రంగు వేసిన ఫోటో దొరికితే పక్కన పెట్టి, రంగు లేనిది వెతకండి.

ఇక వెతకడం. క్రోమ్ బ్రౌజర్‌లో ఫోటో మీద వేలు నొక్కి పట్టుకుంటే చాలా ఫోన్లలో బొమ్మతో వెతికే గూగుల్ లెన్స్ వస్తుంది. అందులో పెట్టే ముందు ఫోటో అంచుల్లో ఉన్న తెలుగు అక్షరాలు, చానెల్ లోగోలు కత్తిరించేయండి. లేకపోతే అదే పోస్టర్ వంద కాపీలు చూపిస్తుంది, అసలు ఫోటో చూపించదు. తర్వాత టిన్‌ఐ (TinEye) అనే సైట్‌లో కూడా పెట్టండి. అందులో "పాతవి ముందు" అని వరస మార్చుకోవచ్చు. నెట్‌లో ఆ ఫోటో ముందు ఎక్కడ కనబడిందో తేలితే సగం పని అయినట్టే. ఇక్కడ ఒక్క మాట. నెట్‌లోకి ఎక్కిన తేదీ వేరు, ఫోటో తీసిన తేదీ వేరు. ఈ రెండూ కలిపేస్తే మళ్లీ నా గతే పడుతుంది.

బొమ్మతో దొరక్కపోతే మాటలతో వెతకాలి. ఇక్కడ చాలామంది బోల్తా కొడతారు. "చే గువేరా" అని కొడతారు. 1959 నాటి ప్రభుత్వ కాగితాల దృష్టిలో ఆయన ఎర్నెస్టో గువేరా, క్యూబా ప్రతినిధి బృందం నాయకుడు. అప్పటికి మంత్రి పదవి కూడా లేదు. నేషనల్ బ్యాంక్ అధ్యక్షుడైంది ఆ ఏడాది నవంబరులో. హోదా మాత్రం కమాండాంటే. ఆ స్పానిష్ మాటని ఇంగ్లీషులో ఒకరు కమాండర్ అని, ఒకరు మేజర్ అని రాసేవారు. కాబట్టి "మేజర్ గువేరా", "కమాండర్ గువేరా", "క్యూబన్ డెలిగేషన్", "1959 జులై" ఇవన్నీ మార్చి మార్చి ఇంగ్లీషులో కొట్టండి. సమాచార ప్రసారాల శాఖ కింద ఉన్న ఫోటో డివిజన్ ఫోటోలే మనకి ఎక్కువగా దొరికేవి. హిందీ కూడా వదలొద్దు. జనసత్తా పత్రిక అప్పటి సంపాదకుడు ఓం థాన్వీ 2007లో ఈ పర్యటన వెంటపడి వెతికి రాశారు. అంతకుముందు చే మన దేశం వచ్చిన సంగతే చాలామంది మర్చిపోయారు.

సరే, తేదీ దొరికింది అనుకుందాం. చే 1959 జూన్ 30 సాయంత్రం పాలం విమానాశ్రయంలో దిగారు. మర్నాడు జులై 1న తీన్‌మూర్తి భవన్‌లో నెహ్రూతో భేటీ. చాలామంది ఇక్కడితో ఆపేస్తారు. నాకైతే అసలు రుచి ఇక్కడి నుంచే మొదలవుతుంది. ఒక తెల్లకాగితం తీసుకుని మధ్యలో "జులై 1, బుధవారం" అని రాయండి. చుట్టూ ఆ రోజుల్లో ఏమేం జరుగుతోందో రాసుకుంటూ పోదాం.

నియంత బతిస్తా క్యూబా వదిలి పారిపోయింది జనవరి 1న. అంటే ఈ కరచాలనం నాటికి విప్లవం గెలిచి సరిగ్గా ఆరు నెలలు. చేకి రెండు వారాల కిందటే 31 నిండాయి. పెళ్లి జూన్ 2న అయింది, పది రోజులకే ఈ ప్రయాణం. నెహ్రూకి 69. ఒకాయన పన్నెండేళ్లుగా ప్రధాని, ఇంకొకాయన కొత్త పెళ్లికొడుకు. ఫోటోలో నవ్వులు చూసే ముందు ఈ వయసుల తేడా ఒకసారి తలుచుకోండి.

ఎందుకొచ్చారు? చక్కెర. ఊరికే అనడం లేదు. క్యూబా బతుకంతా చక్కెర మీద, ఆ చక్కెర అమ్మకం అంతా అమెరికా మీద. మే 17న భూసంస్కరణల చట్టం తెచ్చారు, అమెరికా కంపెనీల భూములకు ఎసరొచ్చింది. రేపు అమెరికా కొనడం మానేస్తే? సంవత్సరం తిరిగేసరికి అదే జరిగింది, 1960 జులైలో అమెరికా తను కొనే క్యూబా చక్కెర కోటా కోసేసింది. ముందుగానే కొత్త స్నేహాలు, కొత్త బేరాలు చూసుకోవడానికి ఆసియా, ఆఫ్రికా దేశాలు తిరిగారు. ఈజిప్టులో అధ్యక్షుడు నాసర్‌ని కలిసి మన దగ్గరికి వచ్చారు.

ఇప్పుడు మన వైపు రాద్దాం. మార్చి 31న దలైలామా చైనా చేతిలో ఉన్న టిబెట్ నుంచి సరిహద్దు దాటి ఇండియాలోకి వచ్చారు. చైనా మాటెత్తితే ఢిల్లీలో అందరికీ టెన్షన్. కేరళలో ఇ.ఎం.ఎస్. కమ్యూనిస్టు ప్రభుత్వానికి వ్యతిరేకంగా పెద్ద ఆందోళన. జూన్ నాలుగో వారంలో నెహ్రూ స్వయంగా కేరళ వెళ్లి చూసి వచ్చారు. వచ్చి వారం తిరక్కుండా ఈ ఫోటో. ఫోటో తీసిన నెలలోనే, జులై 31న, ఆ ప్రభుత్వాన్ని రద్దు చేశారు. కేరళ కమ్యూనిస్టులతో తల పట్టుకున్న మనిషి, క్యూబా గెరిల్లాతో నవ్వుతూ చెయ్యి కలుపుతున్నారు. ఇదంతా ఫ్రేములో ఎక్కడుంది? ఎక్కడా లేదు. కాగితం మీద రాసుకుంటేనే కనిపిస్తుంది.

బృందంతో ఉన్న క్యూబా రేడియో వ్యాఖ్యాత హోసే పార్దో యాదా తర్వాత ఒక ముచ్చట చెప్పారు. భోజనాల దగ్గర చే, చైనా మీద మీ అభిప్రాయం ఏంటని నెహ్రూని అడిగారట. ఆ యాపిల్ పళ్లు రుచి చూశారా అన్నారట నెహ్రూ. మావో రచనలు చదివారా అని మళ్లీ అడిగితే, పళ్లు మీకు నచ్చినందుకు సంతోషం అన్నారట. ఒక్కరు చెప్పిన మాట, చెప్పేవాళ్లు కొంచెం ఉప్పూకారం వేసి ఉండొచ్చు. కానీ మన కాగితం మీద దలైలామా పేరు ఉంది కాబట్టి ఆ యాపిల్ పళ్లు ఎందుకొచ్చాయో మీకే అర్థమవుతోంది.

(స్క్రీన్ మీద: పిలానా బ్లాక్, దండ వేస్తున్న ఫోటో.)

ఇది నాకు బాగా ఇష్టమైన ఫోటో. ఢిల్లీ దగ్గర, ఉత్తరప్రదేశ్ వైపు ఉన్న పిలానా బ్లాక్. పల్లెటూరివాళ్లు చేకి పూలదండ వేసి స్వాగతం చెబుతున్నారు. చూడగానే ఏమనిపిస్తుంది? "ఆహా, విప్లవ వీరుడికి పల్లె జనం నీరాజనం." ఈ మాటతో ఎన్ని పోస్టులు తిరుగుతాయో!

నెమ్మదిగా చూడండి. పిలానా అప్పట్లో కమ్యూనిటీ డెవలప్‌మెంట్ పథకం నడుస్తున్న బ్లాక్. ఆ పథకం 1952 అక్టోబర్ 2న మొదలైంది, విదేశీ అతిథులు వస్తే తీసుకెళ్లి చూపించడానికి ప్రభుత్వానికి అదొక ముచ్చట. మన ఊరికి కలెక్టర్ వస్తే స్కూలు గేటుకు సున్నం పడుతుంది చూడండి, అలాగ. దండ వేసినవాళ్లలో గువేరా ఎవరో ఎంతమందికి తెలుసు? కెమెరా కూడా ప్రభుత్వానిదే. ఫోటో అబద్ధం అనడం లేదు. దండ నిజం, ఆప్యాయత కూడా నిజమే అయి ఉంటుంది. ఫ్రేము మాత్రం ఢిల్లీ కట్టింది.

మన కాగితానికి ఇక్కడ మన తెలుగాయన కూడా వస్తారు. ఆ జనవరిలో నాగపూర్‌లో కాంగ్రెస్ సహకార వ్యవసాయం మీద తీర్మానం చేసింది. దానికి గట్టిగా ఎదురు తిరిగినవారిలో ఆచార్య ఎన్.జి. రంగా ఒకరు. జూన్‌లో మద్రాసులో రాజాజీతో కలిసి స్వతంత్ర పార్టీ పెట్టి, దానికి అధ్యక్షుడయ్యారు. అంటే పిలానాలో చేకి పల్లె అభివృద్ధి చూపిస్తున్న రోజుల్లోనే, ఆ భూమి దున్నేది రైతు ఒక్కడా, సహకార సంఘమా అని ఇక్కడ పెద్ద గొడవ నడుస్తోంది. చే మాత్రం భూచట్టం తెచ్చిన ఆరు వారాలకే వచ్చారు. ఆయన కూడా వెనక్కి వెళ్లాక అక్టోబరులో వెర్దే ఒలివోలో ఇండియా గురించి రాశారు, వైరుధ్యాల దేశం అని. ఫోటో చూశాక ఆ వ్యాసం చదివితే కెమెరాకి అవతలి వైపు నుంచి చూసినట్టుంటుంది.

ఇంకో సంగతి. చే కూడా ఫోటోగ్రాఫరే. మెక్సికోలో ఉన్నప్పుడు పార్కుల్లో తిరిగి జనానికి ఫోటోలు తీసి డబ్బులు సంపాదించారు, 1955 పాన్ అమెరికన్ క్రీడలకు ఒక వార్తాసంస్థ తరఫున ఫోటోలు తీశారు. ఫ్రేము కట్టడం ఏంటో తెలిసిన మనిషినే ఇక్కడ ఫ్రేములో నిలబెట్టారు.

మరి మన ఆటోల వెనక, టీషర్టుల మీద ఉండే మొహం? అది ఇంకా పుట్టలేదు. దాన్ని ఆల్బెర్టో కోర్దా తీసింది 1960 మార్చి 5న, హవానాలో ఓడ పేలుడు మృతుల అంత్యక్రియల సభలో. ఢిల్లీ తర్వాత ఎనిమిది నెలలకి. అసలు ఫ్రేములో ఒక పక్క ఇంకో మనిషి మొహం, ఇంకో పక్క తాటాకుల్లాంటి ఆకులు ఉన్నాయి. కత్తిరించేస్తే ప్రపంచానికి తెలిసిన బొమ్మ మిగిలింది. కాబట్టి ఢిల్లీ ఫోటోల్లో ఆ పోస్టర్ చూపు కోసం వెతక్కండి. ఉండదు. ఎండాకాలం చివర ఢిల్లీలో మందపాటి యూనిఫాం వేసుకుని, మీటింగుల మధ్య తిరుగుతున్న కుర్రాడు ఉంటాడు.

మీకు ఒక పని. ఈ పిలానా ఫోటోలో చే మొహం మీద వేలు పెట్టేసి, మిగతావాళ్లను చూసి కనిపించినవి ఐదు రాయండి. కాళ్లకి ఏముంది, తలలకి ఏముంది, ఎవరు కెమెరాని చూస్తున్నారు, ఎవరు చూడటం లేదు. నాకు పంపండి, తర్వాతి వీడియోలో చదువుతాను. అందులో 1983 మార్చిలో విజ్ఞాన్ భవన్‌లో ఇందిరా గాంధీని క్యాస్ట్రో కౌగిలించుకున్న ఫోటో చూద్దాం. ఈసారి క్యాస్ట్రోయే, రెండుసార్లు సరిచూశాను.

పాత వీడియోలో ఆ తప్పు ముక్క తీసేశాను. ఆ సంగతి మాస్టారికి మెసేజ్ పెడితే, "మంచిది. మరి ఆ హోటల్ ఫోటో ఏ తారీఖుది?" అని తిరిగి అడిగారు.

వెతుకుతున్నాను అండి.