జెనెటిక్ కౌన్సెలింగ్ సెంటర్ రిజిస్ట్రేషన్: డాక్టరుకి ఉంటే సరిపోదు

[తెర మీద: ఖాళీ ఫారం ఏ]

నమస్కారం. మెడికల్ కౌన్సిల్ నంబరు ఉంది కదా, గర్భిణులకి జెనెటిక్ కౌన్సెలింగ్, అంటే వంశపారంపర్య జబ్బుల గురించి సలహా ఇవ్వడం, మొదలుపెట్టేద్దాం అనుకునేవాళ్లు ఒక్క నిమిషం ఆగండి. కౌన్సిల్ రిజిస్ట్రేషన్ డాక్టరుకి. లింగనిర్ధారణని నిషేధించే 1994 నాటి పీసీపీఎన్‌డీటీ చట్టం కింద సెంటరుకి విడిగా రిజిస్ట్రేషన్ ఉండాలి.

ఎవరు పెట్టొచ్చు? గైనకాలజిస్టు గానీ పిల్లల డాక్టరు గానీ ఉండాలి. వాళ్లకి జెనెటిక్ కౌన్సెలింగ్‌లో 6 నెలల అనుభవమో 4 వారాల శిక్షణో కావాలి. లేదా మెడికల్ జెనెటిసిస్టు ఉండాలి. ఎంబీబీఎస్ లేకపోయినా బయలాజికల్ సైన్సెస్‌లో పీజీ చేసి, గర్భస్థ నిర్ధారణ రంగంలో రెండేళ్లు పనిచేసినవాళ్లు ఈ నిర్వచనంలోకి వస్తారు. ఇది చాలామందికి తెలియక దరఖాస్తే పెట్టరు.

దరఖాస్తు ఫారం ఏలో, రెండు కాపీలు. మన జిల్లాల్లో ఈ ఫైళ్లు డీఎంహెచ్‌ఓ (జిల్లా వైద్య ఆరోగ్యాధికారి) ఆఫీసులో నడుస్తాయి. ఫీజు 25,000 రూపాయలు. అదే ఆవరణలో ల్యాబు, స్కానింగు కూడా కలిపి పెడితే 35,000. లింగనిర్ధారణ చేయబోమని అఫిడవిట్ జతచేయాలి. తిరస్కరిస్తే డబ్బు వెనక్కి రాదు. కానీ 90 రోజుల్లో లోపం సరిదిద్ది మళ్లీ పెడితే రెండోసారి ఫీజు అడగకూడదు, ఇది గుర్తుపెట్టుకోండి.

[తెర మీద: ఫారం ఏలో ఉద్యోగుల వివరాల గడి]

అసలు చిక్కు ఈ గడిలోనే. పేరు, చదువు, అనుభవం, రిజిస్ట్రేషన్ నంబరు రాసిచ్చారు. ఆర్నెల్లకి ఆ డాక్టరు మానేసి ఇంకొకరు వచ్చారు. గోడ మీద ఫారం బీ, అంటే రిజిస్ట్రేషన్ సర్టిఫికెట్, మాత్రం పాతదే! తనిఖీ రోజున కాగితం మీద ఉన్న మనిషి వేరు, కుర్చీలో ఉన్న మనిషి వేరు. ఉద్యోగి, చిరునామా, యంత్రం, ఏది మారబోతున్నా 30 రోజుల ముందే రాసిచ్చి, ఆ మార్పులతో సర్టిఫికెట్ మళ్లీ జారీ చేయించుకోవాలి. సెంటరు చేతులు మారితే ఫారం బీ కొన్నవాళ్లకి పనికిరాదు. దాన్ని అప్పగించాలి, వాళ్లు కొత్తగా దరఖాస్తు చేసుకోవాలి.

వచ్చిన ప్రతి మనిషికీ ఫారం డీ నింపాలి: ఎవరు పంపారు, కుటుంబంలో ఏ జబ్బుంది, ఏ పరీక్ష సూచించారు. సాయంత్రం కూర్చుని గుర్తుచేసుకుంటూ నింపొద్దు, మనిషి ఎదురుగా ఉండగానే రాయండి. ప్రతి నెలా 5వ తేదీలోపు రిపోర్టు పంపాలి, రికార్డులు కనీసం రెండేళ్లు దాచాలి. రికార్డుల లోపాన్ని గుమాస్తా పొరపాటుగా చూడలేమని 2019 మేలో సుప్రీంకోర్టు తేల్చిచెప్పింది. శిక్ష మూడేళ్ల దాకా జైలు, 10,000 దాకా జరిమానా. కోర్టు అభియోగాలు నమోదు చేస్తే చాలు, కౌన్సిల్ మీ రిజిస్ట్రేషన్ సస్పెండ్ చేయొచ్చు. నేరం రుజువైతే మొదటిసారికే ఐదేళ్లు పేరు తీసేస్తారు.

సెంటరు రిజిస్ట్రేషన్ గడువు ఐదేళ్లు. అది ముగియడానికి 30 రోజుల ముందు సగం ఫీజుతో రెన్యువల్ పెట్టండి, రసీదు జాగ్రత్త చేయండి. 90 రోజుల్లో జవాబు రాకపోతే రెన్యువల్ అయినట్టే లెక్క. అప్పుడు ఆ రసీదే మీకు ఆధారం.