గాంబుల్ హౌస్‌లో స్క్రూలు ఉన్నాయి, ఎక్కడో చూపిస్తా

హాయ్ అండీ అందరికీ. క్యాలిఫోర్నియా పసడీనాలో గాంబుల్ హౌస్ ఉంది కదా, క్రాఫ్ట్స్‌మన్ ఇళ్ళ (చేతిపనితనం, చెక్క అందం కనబడేలా కట్టే అమెరికన్ శైలి ఇళ్ళ) గురించి ఎవరు మాట్లాడినా దీన్నే చూపిస్తారు, చూపించి "ఒక్క మేకు, ఒక్క స్క్రూ లేకుండా కట్టారు" అనేస్తారు. లేదండీ, స్క్రూలు ఉన్నాయి! వాటిని ఎలా దాచారన్నదే అసలు పనితనం.

వానాకాలంలో మన టేకు తలుపు ఉబ్బి బిగుసుకుపోతుంది, భుజంతో తోస్తే గానీ తెరుచుకోదు, వడ్రంగిని పిలిచి అంచు చిత్రిక పట్టిస్తాం, తీరా ఎండలొచ్చేసరికి అదే తలుపుకి సందు. చెక్క ఎన్నేళ్ళయినా అలా కదులుతూనే ఉంటుంది. ఇప్పుడు ఆ తలుపంత పలకని బల్ల మీద వేసి, చివర్న అడ్డపట్టీ పెట్టి కదలకుండా బిగించారనుకోండి, పలక చీలుతుంది. ఈ ఇల్లు డిజైన్ చేసిన అన్నదమ్ములు చార్ల్స్ గ్రీన్, హెన్రీ గ్రీన్ స్కూల్ రోజుల్లోనే చెక్కపని చేతులారా నేర్చుకున్నోళ్ళు, అందుకే వాళ్ళ ఫర్నిచర్‌లో స్క్రూకి గుండ్రటి కన్నం బదులు పొడుగాటి గాడి ఉంటుంది, పలక ఉబ్బినా తగ్గినా ఆ గాడిలో సర్దుకుంటుంది, దాని మీద నలుచదరంగా నల్లటి ఎబోనీ (గట్టి నల్ల చెక్క) బిళ్ళ. అంటే తలుపు ఉబ్బాక చిత్రిక పట్టడం కాదు, ఉబ్బడానికి ముందే చోటు వదలడం. మనం అలంకారం అనుకునే ఆ నల్ల బిళ్ళల్లో చాలావాటి కింద ఉన్నది స్క్రూనే, నాకైతే మేకుల్లేని కథ కన్నా ఇదే వంద రెట్లు నచ్చుతుంది.

ఓనర్ సంగతి కూడా తప్పే చెప్తారు. ప్రాక్టర్ అండ్ గాంబుల్, అదే మన ఏరియల్, టైడ్ కంపెనీ, 1837లో పెట్టినవాళ్ళలో ఒకరు జేమ్స్ గాంబుల్. ఈ ఇల్లు ఆయనది కాదు, ఆయన కొడుకు డేవిడ్‌ది. రిటైరయ్యాక తమ ఊరు సిన్సినాటి చలి పడలేక భార్య మేరీతో శీతాకాలం పసడీనా వచ్చేవారు, 1908లో ఇది మొదలుపెట్టించారు. అంత డబ్బుండి పాలరాతి మేడ కాకుండా చెక్క ఇల్లు, పెద్ద పెద్ద చూరులు, గాలికి పడుకోడానికి మేడ మీద వరండాలు కోరుకున్నారంటే వాళ్ళ అభిరుచికి దండం పెట్టాలి.

టైమ్ అయిపోతోంది, గబగబా చెప్పేస్తా. తర్వాత కొడుకు సెసిల్, కోడలు లూయీజ్ ఇల్లు అమ్ముదామనుకున్నారు, కానీ కొనడానికొచ్చినవాళ్ళు లోపల చెక్కంతటికీ తెల్ల పెయింట్ వేస్తామన్నారట, ఆ టేకుకి, మహోగనికి తెల్ల పెయింట్! వెంటనే మానుకున్నారు. 1966లో ఫర్నిచర్‌తో సహా పసడీనా నగరానికి, యూనివర్సిటీ ఆఫ్ సదరన్ క్యాలిఫోర్నియాకి కలిపి అప్పగించేశారు, 1977లో నేషనల్ హిస్టారిక్ ల్యాండ్‌మార్క్ (అమెరికా ప్రభుత్వం చారిత్రక కట్టడాలకిచ్చే గుర్తింపు) అయింది. టూర్లు ఉంటాయి, అటువైపున్న మనవాళ్ళు వెళ్తే ఆ నల్ల బిళ్ళల దగ్గర కాసేపు ఆగి చూడండి.