బాలింత జ్వరాన్ని ఇంట్లో పెట్టుకోకండి

అమ్మలూ, అత్తమ్మలూ, నా మాట ముఖ్యంగా మీతోనే, ఎందుకంటే బాలింతను ఆస్పత్రికి ఎప్పుడు తీసుకెళ్లాలో మన ఇళ్లలో తేల్చేది మీరే. ఒళ్లు కాలుతుంటే "పాలు పడుతున్నాయిలే" అంటాం, వణికిపోతుంటే గాలి తగిలిందని చెవుల్లో దూది పెట్టి దుప్పటి కప్పుతాం, ఒక పారాసిటమాల్ వేస్తాం. జ్వరం దిగుతుంది. లోపలున్న ఇన్‌ఫెక్షన్ మాత్రం అలాగే ఉంటుంది.

అది గర్భసంచిలో మిగిలిపోయిన మాయ ముక్క వల్ల రావచ్చు, మూత్రం నుంచి రావచ్చు, గడ్డకట్టిన రొమ్ము నుంచి రావచ్చు, సిజేరియన్ కుట్ల నుంచీ రావచ్చు (2019-21 సర్వే ప్రకారం తెలంగాణలో నూటికి 60 కాన్పులు సిజేరియన్లే). దానితో పోరాడుతూ ఒళ్లే అదుపు తప్పి, కిడ్నీలు, ఊపిరితిత్తులు దెబ్బతినడం మొదలైతే అదే సెప్సిస్.

కడుపుతో ఉన్నప్పుడూ వస్తుంది. సవితా హలప్పనవర్ గుర్తుందా? కర్ణాటకలోని బెళగావి అమ్మాయి, డెంటిస్టు, 31 ఏళ్లు. 2012లో ఐర్లండ్‌లోని గాల్వేలో 17 వారాల గర్భం నిలవదని తేలినా, పిండం గుండె కొట్టుకుంటోందని గర్భం తీయలేదు, సెప్సిస్‌తో చనిపోయింది. ఆమెను గమనించడంలోనూ లోపాలు జరిగాయని తర్వాత విచారణలో తేలింది. అంత పెద్ద ఆస్పత్రిలో మంచం మీదున్న మనిషికే అలా జరిగిందంటే, ఇంట్లో తలుపేసిన పురిటిగదిలో ఎవరు చూస్తారు చెప్పండి?

అందుకే థర్మామీటర్ కొనండి. 100.4 దాటినా, చలితో వణికినా ఆగకండి. అయితే జ్వరం లేనంత మాత్రాన ధైర్యపడొద్దు, కొందరికి ఒళ్లు చల్లబడుతుంది కూడా. కదలకుండా పడుకున్నా ఊపిరి నిమిషానికి 25 దాటుతోందా, గుండె దడదడలాడుతోందా, మైల దుర్వాసన వస్తోందా, పొత్తికడుపు ముట్టుకోనివ్వట్లేదా, మూత్రం తగ్గిందా, మాట తడబడుతోందా, పిల్లను ఎత్తుకోవడానికి కూడా ఓపిక లేదంటోందా? తెల్లారాక చూద్దాం అనుకోకండి, 108కి ఫోన్ చేయండి. సెప్సిస్ అని అనుమానం రాగానే గంటలోపు యాంటీబయాటిక్ నరానికి ఎక్కాలి, అంత తొందర దీనికి.

ఇంకోటి, క్యాజువాల్టీలో కొత్త డాక్టరుకు ఆమెను చూడగానే బాలింత అని తెలియదు. ముందు ఆ మాటే చెప్పండి: "పురుడై ఇన్ని రోజులైంది, ఫలానా టైముకి జ్వరం బిళ్ల వేశాం, సెప్సిస్ ఏమో చూడండి డాక్టర్ గారూ." నెల దాటినా సరే, 42 రోజుల వరకూ ఈ మాట చెప్పాల్సిందే.